తీగలో దాగిన సాపేక్షత

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ (ఇంటర్), ప్లస్ త్రీ (డిగ్రీ) సైన్సు విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. గుణుపురం, కాశీనగరం నుంచే కాదు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా వచ్చారని చెప్పారు, చాలా సంతోషం. మీలో చాలామందికి బడి చదువు ఒడియాలో, ప్లస్ టూ పుస్తకాలు ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. ఇవాళ లెక్కంతా ఇంట్లో మాటలోనే చేద్దాం. రాసుకునేవాళ్ళు రాసుకోండి గానీ, ముందు వినండి.

సాపేక్షతా సిద్ధాంతం అనగానే అందరికీ రాకెట్లు గుర్తొస్తాయి, కాంతితో పోటీపడి పరిగెత్తే కణాలు గుర్తొస్తాయి. మన వేగాలకు దాంతో పనేముంది, ఎక్కడో పెద్ద పెద్ద యంత్రాల్లో కనిపించే సంగతి కదా అనుకుంటాం. పుస్తకాలు కూడా అలాగే చెబుతాయి. నేను చెప్పబోయేది వేరు. గంటకు జానెడు దూరం కూడా సరిగ్గా నడవని ఎలక్ట్రాన్లలో సాపేక్షత ఉంది. బ్యాటరీకి తగిలించిన మామూలు రాగి తీగలో ఉంది. ఊరికే ఉందని చెప్పడం కాదు, అంకెలు వేసి చూపిస్తాను. దానికి కావలసిన గణితం ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్. అది బడిలోనే మీ చేతికొచ్చింది.

ముందు కొలతల దగ్గర మొదలుపెడదాం. విద్యుత్తును రెండు రకాలుగా కొలవొచ్చు. నిలకడగా ఉన్న రెండు ఆవేశాలు ఎంత బలంతో నెట్టుకుంటున్నాయో చూడడం ఒక పద్ధతి. కరెంటు పోతున్న రెండు తీగలు ఎంత బలంతో లాక్కుంటున్నాయో చూడడం రెండో పద్ధతి. మొదటిదాంట్లోంచి వచ్చే స్థిరాంకం ఎప్సిలాన్ నాట్, రెండోదాంట్లోంచి వచ్చేది మ్యూ నాట్. వీటిలో దేనికీ వెలుతురుతో సంబంధం లేదు. దీపం వెలిగించకుండా, చీకటి గదిలో కూర్చుని కూడా కొలవొచ్చు. 1856లో జర్మనీలో వెబర్, కోల్‌రౌష్ అనే ఇద్దరు ఇలాగే రెండు పద్ధతుల్లోనూ కొలిచి, ఆ రెండింటి నిష్పత్తి కట్టారు. ఆ నిష్పత్తికి వేగం ప్రమాణాలు వచ్చాయి. ఆ కొలతలోంచి మాక్స్‌వెల్ తేల్చిన అంకె సెకనుకు సుమారు 3.1 లక్షల కిలోమీటర్లు. పారిస్ దగ్గర 1849లో ఫిజో పళ్ళచక్రం తిప్పి కొలిచిన కాంతి వేగం కూడా దాదాపు అంతే.

ఎవరైనా కాలిక్యులేటర్ తీయండి. ఎప్సిలాన్ నాట్ 8.854 × 10⁻¹². మ్యూ నాట్ 1.2566 × 10⁻⁶. రెండూ గుణించండి. 11.126 × 10⁻¹⁸ వచ్చిందా? వర్గమూలం తీయండి, 3.3356 × 10⁻⁹. దాన్ని తిరగెయ్యండి. ఎంత? ...అవునమ్మా, 2.998 × 10⁸. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. ఆవేశాలనూ తీగలనూ కొలిస్తే కాంతి వేగం వచ్చింది! ఈ లెక్క పిల్లలతో చేయించిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇది యాదృచ్ఛికం కాదని సమీకరణాలు చెబుతాయి. కరెంటు తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుందని చెప్పే ఆంపియర్ సూత్రంలో ఒక లోటు ఉంది. కర్ల్‌కు (క్షేత్రం ఒకచోట ఎంత సుడి తిరుగుతోందో చెప్పేది) డైవర్జెన్స్ (అది ఒకచోటి నుంచి ఎంత బయటికి పోతోందో చెప్పేది) తీస్తే ఎప్పుడూ సున్నే వస్తుంది కాబట్టి, ఆ సూత్రం ప్రకారం ఆవేశం ఎక్కడా పోగుపడకూడదు. మరి కెపాసిటర్ ఛార్జ్ అవుతున్నప్పుడు రేకు మీద పోగుపడుతోంది కదా! ఆవేశం పుట్టదు, నశించదు అన్న నియమం నిలవాలంటే, మారుతున్న విద్యుత్ క్షేత్రం కూడా కరెంటులాగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించాలి. ఇది ఇవాళ మనం క్లాసులో చెప్పుకునే తర్కం. మాక్స్‌వెల్ అక్కడికి చేరిన దారి వేరు. ఆయన ఈథర్‌ను తిరిగే సుడులూ వాటి మధ్య దొర్లే గుండ్లూ ఉన్న యంత్రంలా ఊహించుకుని చేరాడు. ఆ యంత్రం పోయింది, సమీకరణం మిగిలింది. 1865 నాటి పత్రంలో ఆయన సమీకరణాలు ఇరవై. మీరు చదివే నాలుగూ హెవిసైడ్ తరవాత కుదించినవి.

ఆ నాలుగింటిలోంచి, ఖాళీ ప్రదేశంలో, తరంగ సమీకరణం వస్తుంది. దాంట్లో వేగం స్థానంలో కూర్చున్నది మనం ఇప్పుడే కట్టిన అంకె.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. ఈ వేగం ఎవరు చూస్తే? మన గుణుపురం రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు చూస్తే 60. లోపల కూర్చున్నవాడు చూస్తే సున్న. పక్క రోడ్డు మీద అదే దిక్కుకు 40లో పోతున్న మోటార్ సైకిల్ మీంచి చూస్తే 20. వేగం అన్నాక చూసేవాడు ఉండాలి. మాక్స్‌వెల్ సమీకరణాల్లో చూసేవాడు లేడు. ఎప్సిలాన్ నాట్, మ్యూ నాట్ ఉన్నాయి, అంతే. రైల్లో కూర్చుని ఆ రెండూ కొలిచినా అవే అంకెలు వస్తాయి. అలాంటప్పుడు రైల్లోవాడికీ ప్లాట్‌ఫారం మీదివాడికీ కాంతి వేగం ఒకటే కావాలి!

అప్పటి పెద్దలు ఇది ఒప్పుకోలేదు. ఈథర్ అనే పదార్థం విశ్వమంతా నిండి ఉంది, ఆ వేగం దాన్నిబట్టి అన్నారు. 1887లో మైకెల్‌సన్, మోర్లీ ఆ ఈథర్‌లో భూమి కదలికను పట్టుకుందామని ఎంతో సూక్ష్మంగా వెతికారు. దొరకలేదు. ఆ ప్రయోగం మీకు తెలిసిందే కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండను. గణితం వైపు పోదాం.

న్యూటన్ కాలం నుంచీ మనం వాడే నియమం: రైల్లోవాడి ఎక్స్ కావాలంటే ప్లాట్‌ఫారం ఎక్స్‌లోంచి వీటీ, అంటే వేగం ఇంటూ కాలం, తీసెయ్యి, టీ జోలికి పోకు. దీన్ని తరంగ సమీకరణంలో పెడితే రూపం చెడిపోతుంది. లేని పదాలు పుట్టుకొస్తాయి. మరైతే ఏ మార్పు చేస్తే చెడిపోదు?

(బోర్డు మీద రాస్తూ) కాలాన్ని కాంతి వేగంతో గుణించి దూరంగా రాసుకుందాం. ఇక నుంచి బోర్డు మీద టీ అంటే, కాంతి ఆ వ్యవధిలో పోయే దూరం. అప్పుడు కుడివైపు పోయే కాంతికి ఎక్స్ = టీ. ఎడమవైపు పోయే కాంతికి ఎక్స్ = −టీ. రెండూ కలిపి ఒకే మాటలో చెప్పాలంటే:

ఎక్స్² − టీ² = (ఎక్స్ − టీ)(ఎక్స్ + టీ) = 0

ఇదే మీ ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్. ఇందులో ఏదో ఒక బ్రాకెట్ సున్న అయితే అది కాంతి దారి. ఇప్పుడు మొదటి బ్రాకెట్‌ను 2తో గుణిస్తాను, రెండోదాన్ని 2తో భాగిస్తాను. లబ్ధం మారిందా? మారదు. సున్నను 2తో గుణించినా సున్నే కాబట్టి కాంతి దారి కాంతి దారిగానే ఉంటుంది. రెండింటినీ మనకు తోచిన వేర్వేరు అంకెలతో గుణించకూడదా అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. అదే వేగంతో ఎదురు దిక్కుకు పోయేవాడికి ఆ రెండు అంకెలూ తారుమారవుతాయి. ముందుకు పోయి, అంతే వేగంతో వెనక్కి మళ్ళితే మొదటికి రావాలి. అందుకని రెండు అంకెల లబ్ధం 1 కాక తప్పదు.

కొత్త ఎక్స్ కావాలంటే రెండు బ్రాకెట్లూ కూడి సగం చెయ్యాలి. కొత్త టీ కావాలంటే రెండోదాంట్లోంచి మొదటిది తీసి సగం చెయ్యాలి. చేయండి. ఏమొచ్చింది?

కొత్త ఎక్స్ = 1.25 ఎక్స్ − 0.75 టీ
కొత్త టీ = 1.25 టీ − 0.75 ఎక్స్

ఈ రెండు వరసలనూ కాసేపు చూడండి. కొత్త ఎక్స్ సున్న ఎక్కడ? ఎక్స్ = 0.6 టీ దగ్గర. అంటే మనం కాంతి వేగంలో అయిదింట మూడొంతుల వేగంతో పోయేవాడి లెక్కలోకి వచ్చేశాం. ఆ 1.25నే పుస్తకాల్లో గామా అంటారు. సూత్రంలో వీ బై సీ, అంటే వేగం బై కాంతి వేగం, = 0.6 వేసి సరిచూసుకోండి, ఒకటి మైనస్ 0.36 అంటే 0.64, దాని వర్గమూలం 0.8, తిరగేస్తే 1.25. లోరెంజ్ రూపాంతరణ అని పేజీన్నర నిండా ఉండేది ఇదే. నేను 2 బదులు కే అన్నాననుకోండి, గామా అంటే కే, ఒకటి బై కే కూడి సగం చేసినది. వేగం ఏమో (కే² − 1) బై (కే² + 1).

ఇంకొకటి చూపిస్తాను, ఇది నాకు మహా ఇష్టం. అయిదింట మూడొంతుల వేగంతో పోతున్న బండిలోంచి, మళ్ళీ అదే వేగంతో ఇంకో బండి ముందుకు దూసుకుపోయింది. పాత లెక్కలో కూడితే అయిదింట ఆరు, కాంతిని మించిపోతుంది. మన లెక్కలో కేలను గుణించాలి: 2 × 2 = 4. వేగం 15 బై 17. మరోసారి చేస్తే కే 8, వేగం 63 బై 65. ఎన్నిసార్లు చేసినా పైనున్నది కే² − 1, కిందున్నది కే² + 1. పైది కిందిదాన్ని ఎప్పటికీ అందుకోలేదు. కాంతి వేగాన్ని దాటకూడదన్నది ఎవరో పెట్టిన ఆంక్ష కాదర్రా, అది ఈ భిన్నం స్వభావం.

ఇప్పుడు రెండో వరసకు రండి. కొత్త టీలో ఎక్స్ వచ్చింది. దూరం కాలంలో కలిసింది. అసలు సంగతంతా ఇక్కడుంది. లోరెంజ్ 1895లోనే ఇలాంటి కాలాన్ని వాడాడు, దానికి స్థానిక కాలం అని పేరు పెట్టి, లెక్క సులువు కావడానికి పెట్టుకున్న సాయంగా చూశాడు. పోంకరే 1905లో ఈ రూపాంతరణల గణితాన్ని చక్కగా తీర్చి, లోరెంజ్ పేరు వాటికి పెట్టాడు. అదే ఏడాది, 26 ఏళ్ళ ఐన్‌స్టీన్, గడియారం చూపించే కాలమే అది అన్నాడు. వేరే అసలు కాలం ఏదీ లేదన్నాడు. సమీకరణం ముందే ఉంది, దాని మాట నమ్మడానికి ధైర్యం చాలింది ఆయనకు.

ఆ పత్రం ఐన్‌స్టీన్ మొదలుపెట్టింది కాంతితో కాదు, అయస్కాంతంతో, తీగతో. మీరు ల్యాబులో చేసేదే. తీగచుట్టను కదలకుండా పెట్టి అయస్కాంతాన్ని జరిపితే గాల్వనోమీటర్ ముల్లు ఊగుతుంది. అయస్కాంతాన్ని పెట్టేసి తీగచుట్టను జరిపినా అంతే ఊగుతుంది. పాత పుస్తకం మొదటిదానికి ఒక కారణం చెబుతుంది: మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. రెండోదానికి ఇంకో కారణం: కదిలే ఆవేశం మీద అయస్కాంత బలం పనిచేస్తుంది. ముల్లు మాత్రం ఒకేలా ఊగుతుంది! మన కోరాపుట్ జిల్లా మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి ఇటు ఒడిశాకూ అటు ఆంధ్రాకూ కరెంటు పంచుతున్న కేంద్రం ఉంది కదా. అలాంటి జలవిద్యుత్ కేంద్రాల్లో అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే తీగచుట్టలు కదలవు. దాన్నే తలకిందులు చేసి, అయస్కాంతాన్ని నిలబెట్టి తీగచుట్టను తిప్పినా కరెంటు అంతే. ఒకే ఫలితానికి రెండు కారణాలు చెప్పాల్సిరావడం ఐన్‌స్టీన్‌కు నచ్చలేదు. అవి రెండు కాదు, ఒకటే అయ్యుండాలని పట్టుబట్టాడు.

ఒకటే అంటే ఎలా ఒకటి? మ్యాపు మీద చూడండి. పర్లాకిమిడి నుంచి గుణుపురం ఉత్తరానికి 30 కిలోమీటర్ల పైన, పడమరకు కూడా ఇంచుమించు అంతే. అదే కాగితాన్ని 45 డిగ్రీలు తిప్పి కొత్త గీతలు గీసుకుంటే, దూరమంతా ఒక గీత మీదే పడుతుంది, రెండోదాని మీద దాదాపు సున్న. ఊళ్ళు కదల్లేదు, గీతలు మారాయి. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం అలాంటి రెండు భాగాలు. కదిలేవాడి గీతలు వేరు కాబట్టి అతనికి భాగాలు వేరుగా పడతాయి. 1908లో కొలోన్ నగరంలో మింకోవ్‌స్కీ ఇచ్చిన ఉపన్యాసం నుంచి ఈ చూపు నలుగురికీ తెలిసింది. ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ పత్రాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున 1920లో అందించినవాళ్ళు మన సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాద్ సాహా. ఇద్దరూ అప్పటికి పాతికేళ్ళ కుర్రాళ్ళు. ఈ లెక్కలు మనకు పరాయివి కావని తెలియాలనే చెబుతున్నాను.

ఇక తీగ దగ్గరికి వద్దాం. అడ్డుకోత 1 చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగ, అందులో 1 ఆంపియర్ డైరెక్ట్ కరెంటు. రాగిలో ఘనపు మీటరుకు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. మన తీగ మీటరు పొడవులో 8.5 × 10²². ఒక్కోదాని ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. గుణిస్తే మీటరుకు 13,600 కూలుంబులు. అబ్బో, చాలా పెద్ద ఆవేశం! సెకనుకు 1 కూలుంబు దాటితే 1 ఆంపియర్ కాబట్టి, ఎలక్ట్రాన్ల గుంపు సెకనుకు మీటరులో 13,600వ వంతు జరిగితే చాలు. అంటే సెకనుకు 0.07 మిల్లీమీటరు చిల్లర. గంటకు 26 సెంటీమీటర్లు. జానెడు అన్నాను, రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే.

మనం నిలబడి చూస్తే తీగ తటస్థం. ధన అయాన్లు, ఎలక్ట్రాన్లు సరిసమానం. తీగ పక్కన ఒక ఎలక్ట్రాన్, లోపలి ఎలక్ట్రాన్లతో సమంగా అదే దిక్కుకు పోతోంది. మనం ఏమంటాం? తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంది, కదిలే ఆవేశం మీద బలం పడింది, ఎలక్ట్రాన్ తీగవైపు జరిగింది అంటాం. ఇప్పుడు ఆ ఎలక్ట్రాన్ మీద కూర్చుని చూడండి. తాను కదలడం లేదు. కదలని ఆవేశం మీద అయస్కాంత బలం సున్న. అయినా తీగవైపు లాగబడుతోంది. ఎవరు లాగుతున్నారు?

అక్కడినుంచి చూస్తే తీగలోని ఎలక్ట్రాన్లు కదలడం లేదు, అయాన్లు వెనక్కి పోతున్నాయి. ఇందాకటి లోరెంజ్ రూపాంతరణ ప్రకారం కదిలేవాటి మధ్య ఎడం గామా వంతున తగ్గుతుంది, కాబట్టి అయాన్లు ఒత్తుగా అయ్యాయి. ఎలక్ట్రాన్లు మనకు కదులుతూ కనిపించినవి, ఇక్కడ నిలిచిపోయాయి, కాబట్టి పలచబడ్డాయి. ధనావేశం కాస్త పెరిగింది, రుణావేశం కాస్త తగ్గింది. తీగ ఇక తటస్థం కాదు. దాని మీద ధనావేశం మిగిలింది, అది ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. మనం అయస్కాంత బలం అన్నదే అక్కడ మామూలు విద్యుత్ బలం.

కాస్త అంటే ఎంత? వీ² బై సీ² వంతు. 0.0000735ను 3 × 10⁸తో భాగిస్తే 2.45 × 10⁻¹³. వర్గం చేస్తే 6 × 10⁻²⁶. దశాంశ బిందువు తరవాత పాతిక సున్నలు పెట్టి 6 వెయ్యాలి. ఇంత చిన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు అనే మనం సాపేక్షతను రాకెట్లకు వదిలేస్తాం. తొందరపడకండి. ఇది దేన్ని గుణిస్తోందో చూడండి.

మీటరు దూరంలో ఇలాంటివే రెండు తీగలు పెట్టి, ఎలక్ట్రాన్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, కూలుంబ్ సూత్రం ప్రకారం మీటరు పొడవుకు బలం ఎంత? 2 × 9 × 10⁹ × 13,600². కట్టండి. 3.3 × 10¹⁸ న్యూటన్లు. మూడున్నర కోట్ల కోట్ల టన్నుల బరువుకు దగ్గర. అయాన్లు దాన్ని పూర్తిగా రద్దు చేస్తున్నాయి కాబట్టే మనకు తెలియడం లేదు. ఆ రద్దులో 6 × 10⁻²⁶ వంతు తేడా వచ్చింది. గుణించండి.

3.3 × 10¹⁸ × 6 × 10⁻²⁶ = 2 × 10⁻⁷

ఈ అంకెను ఎక్కడో చూశారు కదూ? ప్లస్ టూ పుస్తకం తీయండి. మీటరు దూరంలో రెండు సమాంతర తీగలు, మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం ఉంటే వాటిలో పోయేది 1 ఆంపియర్. 1948 నుంచి 2019 మే దాకా ప్రపంచమంతా ఆంపియర్‌కు ఇదే నిర్వచనం. మనం అయస్కాంతం ఊసెత్తకుండా, కూలుంబ్ సూత్రం, పొడవు తగ్గడం, ఈ రెండింటితోనే అక్కడికి చేరాం.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, అయితే అయస్కాంతత్వం అనేది లేనట్టేనా? అంతా విద్యుత్తేనా?)

బాగా అడిగావమ్మా. చాలామంది అలాగే చెబుతారు, అయస్కాంతత్వం ఉత్త భ్రమ అని. ఆ మాట సగమే నిజం. మ్యాపు ఎంత తిప్పినా ఊళ్ళ మధ్య దూరం మారనట్టు, ఇక్కడా మారనివి రెండున్నాయి. ఒకటి, విద్యుత్ క్షేత్రం వర్గంలోంచి, సీ² రెట్ల అయస్కాంత క్షేత్రం వర్గం తీసేస్తే వచ్చేది. రెండోది, ఆ రెండు క్షేత్రాల బిందు లబ్ధం (డాట్ ప్రాడక్ట్). ఎవరు ఎంత వేగంతో పోతూ కొలిచినా ఇవి అవే. మన తీగ పక్కన, నిలబడి చూసేవాడికి విద్యుత్ క్షేత్రం సున్న, అయస్కాంత క్షేత్రం మాత్రమే ఉంది. మొదటి రాశి రుణాత్మకం. రుణాత్మకం అయినది ఎవరికైనా రుణాత్మకమే కావాలి కాబట్టి, ఆ తీగ పక్కన అయస్కాంత క్షేత్రం పూర్తిగా సున్న అయిపోయే చూపు ఏదీ లేదు. మన ఎలక్ట్రాన్‌కు కూడా అక్కడ అయస్కాంత క్షేత్రం ఉంది, తాను కదలడం లేదు కాబట్టి దాని బలం తగల్లేదు, అంతే. కనుక ఒకటి అసలు, ఇంకొకటి నీడ అనకూడదు. అసలైనది రెండూ కలిసిన క్షేత్రం. ఇక నీ చేతిలోని దండాయస్కాంతం సంగతి మరీ లోతు. ఎలక్ట్రాన్ల స్పిన్ గురించి చెప్పాలి, దానికి క్వాంటమ్ గణితం కావాలి, తీగ లెక్కతో అది తేలదు.

టైమయిందంటున్నారు. ఇంటికెళ్ళి ఒక లెక్క చేయండి. తీగ అడ్డుకోత 1 బదులు 4 చదరపు మిల్లీమీటర్లు తీసుకోండి, కరెంటు 1 ఆంపియరే ఉంచండి. మీటరుకు ఆవేశం నాలుగింతలవుతుంది, ఎలక్ట్రాన్ల వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 13,600 అన్నచోట కొత్త అంకె వేసి, చివరిదాకా కట్టండి. మళ్ళీ అదే 2 × 10⁻⁷ రావాలి. ఎందుకు రావాలో మాటల్లో ఒక పేజీ రాసి, వచ్చే వారం తెచ్చి చూపించండి.